పాత జీపులో బ్రేక్ పెడల్ కిందకి పోతోంది, లోపం ఎక్కడ?

మొదటిసారి తొక్కితే పెడల్ కిందకి పోయి, వెంటనే రెండు మూడుసార్లు కొడితే పైకొస్తోందంటున్నారు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉన్న పాత జీపుల్లో ఎక్కువసార్లు దీనికి కారణం షూలు (డ్రమ్ము లోపల ఒరిసి చక్రాన్ని ఆపే పట్టీలు) అరిగి, డ్రమ్ముకీ షూకీ మధ్య సందు పెరగడమే. ముందు షూలు అడ్జస్ట్ చేయించి చూడండి. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే భాగం) మార్చేద్దామని మెకానిక్ అన్నా తొందరపడొద్దు.

పెడల్ మెత్తగా స్పాంజిలా ఉంటే బ్రేక్ ఆయిల్ లైన్లో గాలి చేరినట్టు, బ్లీడింగ్ చేయించాలి, అంటే ఆ గాలిని బయటికి తీయించాలి. అదిమి పట్టుకున్నప్పుడు మెల్లగా దిగిపోతుంటే మాత్రం బండి రోడ్డెక్కించకండి. టైర్ల లోపలివైపు, పైపుల వెంట, పెడల్ దగ్గర తడి ఉందేమో వెతకండి. ఎక్కడా కారడం లేదంటే అప్పుడు మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులనే అనుమానించాలి. బ్రేక్ ఆయిల్ తగ్గిందని ఇంజిన్ ఆయిల్ పోసేవాళ్లూ ఉన్నారు. రబ్బర్లు ఉబ్బి మొత్తం పాడవుతుంది. డాట్ 3 లేదా డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ మాత్రమే పోయండి.