అంతరించిపోతున్న పూలమొక్కను పెరట్లో పెంచి బతికించవచ్చా? విత్తనాలు ఎక్కడ దొరుకుతాయి?

అన్ని మొక్కల సంగతీ నాకు తెలియదు కానీ, నేను చూసిన మొక్కకు మాత్రం కుదరదు. దాన్ని పెంచాలంటే ముందు సముద్రాన్ని పెరట్లోకి తెచ్చుకోవాలి.

మేముండేది శాన్ డియేగోలో. మెక్సికో సరిహద్దును ఆనుకుని, టియువానా నది సముద్రంలో కలిసే చోట ఉప్పు చిత్తడి నేల ఉంది. అక్కడ 'సాల్ట్ మార్ష్ బర్డ్స్ బీక్' అనే మొక్క పెరుగుతుంది. పువ్వు పిట్ట ముక్కులా ఉంటుందని ఆ పేరు. అమెరికా ప్రభుత్వం 1978లోనే దీన్ని అంతరించిపోతున్న జాబితాలో చేర్చింది.

అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు ఓ రోజు చూపించడానికి తీసుకెళ్లాను. అరుదైన పువ్వు అనేసరికి ఏ కలువనో ఊహించుకున్నట్టుంది. తీరా చూస్తే జానెడు మొక్క, బూడిద పూసినట్టున్న ఆకులు, మాసిన తెలుపులో నాలుగు పూలు. "దీనికోసమా ఇంత ఎండలో నడిపించావు?" అంది. బాట దిగనివ్వరు కాబట్టి ఉన్నచోటే వంగి చూసింది. ఆకుల మీద మెరుస్తున్నవి మంచు బిందువులు అనుకుంది. మిట్టమధ్యాహ్నం మంచేమిటి! అది ఉప్పు. వేళ్లు పీల్చిన ఉప్పును ఈ మొక్క చెమటలా ఆకుల మీదికి వదిలేస్తుంది.

పక్కనున్న గడ్డి వేళ్లకు తన వేళ్లు తగిలించి నీళ్లు లాక్కుంటుందని చెప్పగానే అమ్మ ముఖం మారిపోయింది. "అంటే వేరే చెట్టు రసం పీల్చి బతికే బదనికే కదా! మీ నాన్న మామిడి చెట్టెక్కి నరికేవారు. ఇక్కడ దానికి కాపలానా?" సగం బదనికేనమ్మా, ఆకుల్లో సొంత వంట కూడా చేసుకుంటుంది అన్నాను. నమ్మలేదు.

ఇక దీని పేచీలు వినండి. సముద్రపు పెద్ద పోటు మాత్రమే అందుకునే ఎత్తులో నేల ఉండాలి. గడ్డి కావాలి, కానీ మరీ ఒత్తుగా ఉంటే మొలకకు వెలుతురు అందదు. పుప్పొడి మోయడానికి తేనెటీగలు రావాలి, అవేమో పోటు తగలని పక్క మెట్టలో బొరియలు చేసుకుని బతుకుతాయి. ఆ మెట్ట మీదేగా అందరి కన్నూ! సముద్రం కనిపించే ఇల్లంటే ఎగబడి కొంటారు. చిత్తడికి కంచె వేసి, తేనెటీగల ఊరిని మాత్రం ప్లాట్లుగా కోసేశారు. పైగా ఆ ఇళ్లవాళ్లే కుక్కల్ని చిత్తడి వైపు వదిలేసి, ప్రకృతి అంటే ప్రాణం అంటారు.

పెంచి చూడలేదా అంటారేమో, చూశారు. 1990ల మొదట్లో టియువానా విత్తనాలను దగ్గర్లోని స్వీట్‌వాటర్ చిత్తడిలో చల్లారు. చల్లింది ఈ విద్యే చదువుకున్నవాళ్లు, అదీ ఉప్పు చిత్తడిలోనే. మొలిచాయి, పూశాయి కూడా. అయినా తేనెటీగలు చాలక, నేలలో నత్రజని చాలక ఇబ్బందే పడ్డాయి. ఇది ఏటా చచ్చి మళ్లీ గింజ నుంచి లేవాల్సిన మొక్క. గింజ సరిగా కట్టని ఏళ్లు వరసగా వస్తే ఏం మిగులుతుంది?

విత్తనాల సంగతి అడిగారు. దుకాణాల్లో వెతక్కండి. అక్కడికెళ్లి కోసుకొస్తే మాత్రం కేసు పెడతారు.