ఆరోగ్య కేంద్రంలో చేరిన మా అమ్మాయికి: పాము కరిచిన పిల్లల గురించి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ దీవించి రాయునది.

ములుగు జిల్లాలో అడవి అంచున ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా చేరావని మీ అమ్మ చెప్పగానే, సంతోషంతో పాటు నాకు పిల్లల వార్డులోని వానాకాలపు రాత్రులు గుర్తుకొచ్చాయి. వరి నాట్లు మొదలైన నాటి నుంచి పత్తి ఏరి ఇళ్లలో కుప్పలు పోసే దాకా పాము కరిచిన పిల్లలు నీ దగ్గరకు వస్తూనే ఉంటారు.

మన పల్లెల్లో పామును పేరు పెట్టి చెప్పరు, "పురుగు ముట్టింది" అంటారు. పసిపిల్లలకు అదీ తెలియదు. ఒకసారి ఏడేళ్ల పాప తెల్లవారుజామున కడుపునొప్పితో, వాంతులతో లేస్తే, తల్లి తీసుకుపోయిన చోట అజీర్తి మందు ఇచ్చి ఇంటికి పంపించారు. మా వార్డుకు చేరేసరికి పాప రెప్పలు సగం వాలి ఉన్నాయి. "నిద్ర సరిపోలేదు సిస్టర్" అన్నది తల్లి. చాప మీద పడుకున్న పాపను కట్లపాము కరిచింది, ఎంత వెతికినా ఒంటి మీద గాటు దొరకలేదు. ఆ కాటుకు నొప్పి గానీ వాపు గానీ అంతగా ఉండవు కాబట్టి, గాటు కనిపించలేదని ఏ బిడ్డనూ పంపవద్దు. నేల మీద పడుకున్నదా అని అడుగు. పైకి చూడమను, ఉమ్మి మింగమను, ఒకే ఊపిరిలో ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టమను. మొదట ఇరవై దాకా చెప్పిన పిల్ల గంట తర్వాత పన్నెండు దగ్గరే ఆగిందంటే ఊపిరి కండరాలు సడలుతున్నాయని అర్థం.

పసరు పోయించి, తాడు బిగించి తెస్తే తల్లిదండ్రులను తిట్టవద్దు, భయంతో చేసిన పని అది. కాలి పట్టీలు, కడియాలు మాత్రం వాపు రాకముందే తీసేయి. బిగించిన తాడును డాక్టరు పక్కన లేకుండా ఒక్కసారిగా విప్పకు.

ఇక పింజర కాటు రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుంది. కొత్త, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడు వంచి చూడు. నీళ్లలా జారితే విషం పనిచేస్తున్నట్టే. సబ్బుతో కడిగిన గొట్టం, ప్లాస్టిక్ గొట్టం ఈ పరీక్షకు పనికిరావు. అటువంటి బిడ్డకు కండలో ఇంజక్షన్లు వీలైనంత వరకు వద్దు, మూత్రం ఎంత వచ్చిందో, ఏ రంగులో ఉన్నదో రాసిపెట్టు.

నేను మరీ మరీ చెప్పదలచుకున్నది మందు మోతాదు గురించి. బిడ్డ చిన్నదని పాము విషం తగ్గించి ఎక్కించదు. అదే విషం చిన్న ఒంట్లో మరింత వేగంగా పనిచేస్తుంది. అందుకే విష లక్షణాలు కనిపించిన పిల్లలకు కూడా పెద్దవాళ్లతో సమానంగా మొదట 8 నుంచి 10 సీసాల విరుగుడు మందు ఇస్తారు. తగ్గించేది మందు కలిపే సెలైన్ పరిమాణాన్ని మాత్రమే, కిలో బరువుకు 5 నుంచి 10 మిల్లీలీటర్లు. మందు పొడి ఉన్న సీసాలో నీళ్లు పోశాక గట్టిగా కుదిపితే నురుగు కడుతుంది, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించు. ఎక్కించే ముందే, మందు వికటిస్తే ఇచ్చే అడ్రినలిన్‌ను సిరంజిలోకి తీసి మంచం పక్కన పెట్టుకో. దద్దుర్లు, ఆయాసం కనిపిస్తే డ్రిప్ ఆపి డాక్టరును పిలువు, కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెట్టిస్తారు. గొట్టంలో చేసిన రక్త పరీక్షను 6 గంటల తర్వాత తిరిగి చేయాలి.

ఏటూరునాగారం వైపు నుంచి వరంగల్‌లోని పెద్ద ప్రభుత్వాసుపత్రి ఎంజీఎంకు సుమారు వంద కిలోమీటర్లు. రెప్పలు వాలిన బిడ్డను మొదటి మోతాదు మొదలుపెట్టకుండా, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగు లేకుండా 108 ఎక్కించవద్దని డాక్టరుకు గుర్తుచేయి. మందు విషాన్ని అడ్డుకుంటుందే గానీ, అప్పటికే పట్టుతప్పిన నరాలు కోలుకునే దాకా ఊపిరి మనమే అందించాలి. మొదట చెప్పిన ఆ ఏడేళ్ల పాప ఆరు రోజులు వెంటిలేటర్ మీద ఉండి, తల్లి చెయ్యి పట్టుకుని నడిచి ఇంటికి పోయింది.

లక్షణాలు లేని బిడ్డనైనా 24 గంటలు కళ్ల ముందు ఉంచు. మందు ఎక్కినవాళ్లకు వారం, పది రోజుల తర్వాత జ్వరం, కీళ్లనొప్పులు వస్తే తిరిగి రమ్మని తల్లికి చెప్పు. పిల్లలను మంచం మీద పడుకోబెట్టి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపమని కూడా చెప్పి పంపు.

నీ పెద్దమ్మ