ఉద్యోగం మారే నెలలో నాన్న డయాలసిస్

ప్రశ్న: నాకు 33 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. బెంగళూరు కంపెనీ నుంచి మంచి జీతంతో ఆఫర్ వచ్చింది. రాజీనామా ఇంకా ఇవ్వలేదు. ఒంగోలులో ఉండే నాన్నకు (62 ఏళ్లు) రెండు నెలల క్రితం డయాలసిస్ మొదలైంది. ప్రస్తుతం మెడ దగ్గర గొట్టంతో చేస్తున్నారు. డయాలసిస్ సూదుల కోసం చేతిలో రెండు రక్తనాళాలను కలిపే ఫిస్టులా ఆపరేషన్ పోయిన వారమే అయింది. బిల్లులన్నీ నా కంపెనీ ఇన్సూరెన్సులోనే నడుస్తున్నాయి. అమ్మేమో ‘మమ్మల్ని ఇక్కడే ఉండనివ్వు, నువ్వు వెళ్లు’ అంటోంది. నాన్నను వెంట తీసుకెళ్లాలా? ఇన్సూరెన్స్ సంగతేమిటి?

జవాబు: ఉద్యోగం మారండి. నాన్నను మాత్రం అదే నెలలో మార్చకండి. ఫిస్టులా ఆపరేషన్ అయిన వెంటనే సూది గుచ్చడానికి పనికిరాదు. నరం ఉబ్బి, గోడ గట్టిపడటానికి సాధారణంగా 6 నుంచి 8 వారాలు పడుతుంది, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువ. అది సరిగ్గా ఎదుగుతోందా లేదా అన్నది ఆపరేషన్ చేసిన సర్జనే చూడాలి. ఎదగకపోతే చిన్న సవరణ చేసేదీ ఆయనే. ఫిస్టులాలో రెండు సూదులతో రెండు వారాలు ఇబ్బంది లేకుండా డయాలసిస్ జరిగి, మెడ గొట్టం తీసేశాక ప్రయాణం పెట్టుకోండి. అప్పటిదాకా మీ అమ్మగారి మాటే సరైనది.

గొట్టం ఉన్నన్నాళ్లూ దాని కట్టు తడవకూడదు, తల మీద నుంచి స్నానం వద్దు. డయాలసిస్ మొదలైన గంటలోపు చలి, వణుకు, జ్వరం వస్తే అది గొట్టంలో చేరిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. పారాసిటమాల్ వేసి ఇంటికి తెచ్చేయకుండా, రక్తం కల్చర్‌కు (ఏ క్రిమి చేరిందో చూసే పరీక్షకు) తీయమని అక్కడే అడగాలి. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడనివ్వకండి, రక్తం తీయనివ్వకండి. వాచీ, బిగుతు గాజు, బరువు సంచీ ఏవీ ఆ చేతికి వద్దు. రోజూ పొద్దున లేవగానే ఆ చోట వేళ్లు పెడితే జుయ్‌మని అదురు తెలియాలి. తెలియకపోతే నరంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ పూటే సర్జన్ దగ్గరికి వెళ్లాలి, మర్నాటికి వాయిదా వేస్తే దాన్ని కాపాడే అవకాశం తగ్గిపోతుంది. ఈ తడిమి చూసే పని మీ అమ్మగారికి నేర్పించి వెళ్లండి.

ఇక ఇన్సూరెన్స్. గ్రూప్ పాలసీ చాలా కంపెనీల్లో ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. శుక్రవారం వదిలి సోమవారం చేరితే మధ్యలో రెండు రోజులు నాన్నకు ఏ రక్షణా ఉండదు. ఒక డయాలసిస్ ఖర్చు చేతి నుంచి పెట్టుకోవచ్చు. ఆ రెండు రోజుల్లో ఐసీయూలో చేరాల్సి వస్తే మాత్రం లక్షల్లో పని. అందుకని రిలీవింగ్ తేదీకీ చేరే తేదీకీ మధ్య ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా చూసుకోండి. ఆదివారం తేదీ వేయగలరేమో పాత హెచ్చార్‌ను అడిగితే పోయేదేం లేదు.

ఆఫర్ మీద సంతకం పెట్టే ముందు కొత్త కంపెనీని ఈమెయిల్‌లో అడగాల్సినవి ఇవి. తల్లిదండ్రులకు కవర్ ఉందా, ఉంటే వాళ్ల ప్రీమియం ఎవరు కడతారు? ముందునుంచీ ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా? డయాలసిస్‌కు 24 గంటలు ఆసుపత్రిలో ఉండక్కర్లేదు కాబట్టి దాన్ని డేకేర్ కింద ఇస్తారా, ఏడాదికి పరిమితి ఏమైనా ఉందా? కో-పే (బిల్లులో మనం కట్టుకోవాల్సిన వాటా) ఎంత? 20 శాతం అంటే నెలకు 12, 13 సార్లు చేయించే మనిషి విషయంలో చిన్న మొత్తం కాదు. పేర్లు నమోదై కార్డు రావడానికి నెల పట్టినా కవర్ మాత్రం చేరిన రోజు నుంచే లెక్కా? అవునని రాతలో ఉంటే, ఆలోపు కట్టిన బిల్లులు రీయింబర్స్‌మెంట్‌లో తెచ్చుకోవచ్చు. చాలా చోట్ల తల్లిదండ్రుల పేర్లు చేరినప్పుడే ఇవ్వాలి, ఆ గడువు దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. చేరిన మొదటి రోజు ఐడీ కార్డు ఫొటో కన్నా ముందు ఆ ఫారం చూసుకోండి.

గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారడానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు వీలిస్తాయి. అయితే అది కంపెనీ ఆమోదం మీద ఆధారపడుతుంది. డయాలసిస్ మొదలైన మనిషికి ఇస్తారని ఆశ పెట్టుకోవద్దు. అమ్మగారి పేరు మీద మాత్రం ఇప్పుడే వేరే పాలసీ తీసుకోండి. 2024 ఏప్రిల్ నుంచి ముందున్న జబ్బులకు నిరీక్షణ కాలం గరిష్ఠంగా 3 ఏళ్లే. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి.

మీరు అడగలేదు గానీ, మీ తల్లిదండ్రులకు వేరే బియ్యం కార్డు ఉందా? ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద డయాలసిస్ ఉచితం. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛనూ ఉంది, సచివాలయంలో దరఖాస్తు చేయాలి. మీ పేరు ఇంకా ఆ కార్డులోనే ఉండి మీరు ఆదాయపు పన్ను కడుతుంటే తనిఖీలో కార్డు నిలబడదు. పెళ్లయి వేరే కాపురం ఉంటే పేరు విడదీయించుకోండి. ఒకే సెషన్‌కు అటు పథకం, ఇటు ఇన్సూరెన్స్ రెండూ వాడకూడదని మరచిపోవద్దు. కొత్త ఉద్యోగంలో కుదురుకునే మూడు నెలలూ ఒంగోలులో పథకం కింద నడిపించుకోవడం మీకు అన్నిటికన్నా తేలిక.

తర్వాత బెంగళూరు తీసుకెళ్లాలనుకుంటే ఇల్లు వెతికే ముందు డయాలసిస్ సెంటర్‌లో స్లాట్ వెతకండి. సెంటర్లలో సాధారణంగా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అని మూడు షిఫ్టులు. ఖాళీగా దొరికేది ఎక్కువగా సాయంత్రందే. నాలుగు గంటల డయాలసిస్‌కు ముందు బరువు చూడటం, మిషన్‌కు ఎక్కించడం, అయ్యాక సూది చోట పది పదిహేను నిమిషాలు నొక్కి పట్టడం, రానుపోను ప్రయాణం కలిపితే ఆరు గంటలు. వారానికి మూడుసార్లు, అంటే 18 గంటలు. ఇంటికి సెంటర్ దగ్గరుంటే ఆ భారం కొంత తగ్గుతుంది. ఆఫీసుకు దగ్గరలో ఇల్లు తీసుకోవడం ఈసారికి పక్కన పెట్టండి.

ఒంగోలు సెంటర్ నుంచి తీసుకెళ్లాల్సిన కాగితాలు: డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు), రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మోతాదు, ఆఖరి ఐదారు సెషన్ల చార్టులు, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ రిపోర్టులు (కొత్త సెంటర్ తాజావి అడుగుతుంది), హెపటైటిస్ బి టీకా ఎన్ని డోసులు అయిందో, గుండె ఎకో రిపోర్టు, రక్తం పెరగడానికి ఇస్తున్న ఇంజెక్షన్ పేరు. వైరస్ రిపోర్టు లేకుండా వెళ్తే మొదటి రోజే వెనక్కి పంపుతారు.

పీఎఫ్ విత్‌డ్రా చేసుకోవద్దు, ట్రాన్స్‌ఫర్ చేయండి. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. తల్లిదండ్రుల వైద్యానికి ఖాతా మూయకుండానే అడ్వాన్స్ తీసుకోవచ్చు. పాత కంపెనీ మీ ఎగ్జిట్ తేదీ నమోదు చేసిందో లేదో చూసుకోండి. చేయకపోతే ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే పోర్టల్‌లో వేసుకోవచ్చు. పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వకపోతే పన్ను తక్కువగా కోస్తారు, రిటర్ను వేసేటప్పుడు మిగతాది ఒక్కసారిగా కట్టాల్సి వస్తుంది.  పాత పన్ను విధానంలో ఉంటే, 60 దాటిన తండ్రి మూత్రపిండాల వైద్యానికి స్పెషలిస్టు రాసిచ్చిన పత్రంతో లక్ష దాకా మినహాయింపు ఉంది. ఇన్సూరెన్స్ నుంచి వచ్చినంత అందులోంచి తగ్గుతుంది. కొత్త విధానంలో ఇది లేదు. చేరినప్పుడు ఏది ఎంచుకోవాలో లెక్క వేసుకోండి.

ప్రశ్న: మా అత్తమ్మకు (58 ఏళ్లు, షుగర్ ఉంది) సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. ఇన్నాళ్లూ స్కూల్లో పని చేస్తూ మధ్యాహ్నానికి ఇంటికొచ్చేదాన్ని. ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, సాయంత్రం ఆరు దాటుతోంది. వంటకు మనిషిని పెట్టాం. అప్పటినుంచి సోమవారం బరువు నాలుగు కిలోలు ఎక్కువ చూపిస్తోంది, మిషన్ మీద కాళ్లు పట్టేస్తున్నాయి. ఏం తప్పు జరుగుతోంది? – కరీంనగర్

జవాబు: ఆ నాలుగు కిలోలూ నీరే. ఆమె డ్రై వెయిట్ 55 కిలోలనుకుంటే నాలుగు గంటల్లో రెండు, రెండున్నర లీటర్లకు మించి లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. నీళ్లు ఎక్కువ తాగొద్దని ఆమెను పోరి లాభం లేదు, దాహం పుట్టిస్తున్నది ఉప్పు. వంటమనిషి అందరికీ కలిపి ఒకే కూర చేస్తోందేమో చూడండి. కూర ఉప్పు వేయకుండా చేయించి, అత్తమ్మ వాటా ముందు తీశాకే మిగతాదానికి ఉప్పు కలపాలి. ఆమె రోజంతటి ఉప్పు, అర చెంచాకు కాస్త ఎక్కువ, ఒక చిన్న డబ్బీలో పెట్టండి. అది అయిపోతే ఆ రోజుకు అంతే. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు ఈ లెక్కకు అందవు, పూర్తిగా మానాలి. ‘తక్కువ సోడియం ఉప్పు’ అని దుకాణాల్లో దొరికేది అసలు ఇంట్లోకే తేవద్దు. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియం. ఆమెకు అది గుండె ఆగే ప్రమాదం తెస్తుంది.

నీటికి లెక్క: రోజులో వచ్చే మూత్రం ఎంతో కొలిచి, దానికి 500 మి.లీ. కలపండి. మూత్రం 300 వస్తుంటే మొత్తం 800. చాయ్, మజ్జిగ, పప్పుచారు, పెరుగు, మాత్రలకు తాగే నీళ్లు అన్నీ ఇందులోనే. పొద్దున ఒక సీసాలో 800 నింపి వంటింట్లో పెట్టండి. ఆమె ఏది తాగినా అంత నీరు ఆ సీసాలోంచి పారబోయాలి. సీసా ఖాళీ అయితే కోటా అయిపోయినట్టు. కొత్త వంటమనిషికైనా ఇది ఒక్కరోజులో అర్థమవుతుంది.

శుక్రవారం నుంచి సోమవారం దాకా రెండు రోజుల ఎడం ఉండటం వల్లే సోమవారం బరువు అంత వస్తోంది. ప్రమాదమూ ఆ ఎడంలోనే ఎక్కువ. చుట్టాలు పరామర్శకు వచ్చేది కూడా ఆదివారమే, చేతిలో కొబ్బరి బోండాలతో. కొబ్బరి నీళ్లు, అరటి, బత్తాయి రసం, టమాటా, చింతపండు పులుసు, తోటకూర, గోంగూర, మునగాకు – వీటిలో పొటాషియం ఎక్కువ. సొర, బీర, పొట్ల, దొండ, క్యాబేజీ నయం. ఆలు, కంద లాంటివి కావాలంటే చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, పదింతల గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు నానబెట్టి పారబోసి, మళ్లీ అయిదింతల నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లూ పారబోశాక పోపు పెట్టాలి. షుగర్ పడిపోతే పళ్లరసం ఇవ్వకండి. మూడు చెంచాల గ్లూకోజ్ కొద్ది నీళ్లలో కలిపి ఇవ్వండి. కాళ్లలో సత్తువ పోయినా, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చినా సోమవారం దాకా ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంకో పొరపాటు కూడా చాలా ఇళ్లలో చూస్తాం. డయాలసిస్‌కు ముందు ‘పప్పు, గుడ్డు తగ్గించండి’ అని డాక్టర్ చెప్పిన మాటను డయాలసిస్ మొదలయ్యాక కూడా పాటిస్తారు. ఇప్పుడు రూలు తిరగబడింది. మిషన్ మీద ప్రొటీన్ పోతుంది కాబట్టి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. 55 కిలోలకు 55 నుంచి 66 గ్రాములు. మూడు గుడ్ల తెల్లసొన, 100 గ్రాముల కోడి మాంసమో తాజా చేపో తింటే సగం దాటుతుంది. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర అన్నంతో పాటే మింగాలి. రాత్రి మిగతా మాత్రలతో కలిపి పడుకునేముందు వేస్తే దానివల్ల ఉపయోగం లేదు. కిడ్నీలు దెబ్బతిన్నాక ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, పాత మోతాదు ఇప్పుడు ఎక్కువ కావచ్చు. డయాలసిస్ రోజు పొద్దున బీపీ మాత్ర వేయాలా వద్దా అన్నదీ, ఇన్సులిన్ మోతాదూ ఒకేసారి డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్‌కు అంటించండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉంది, డయాలసిస్ రోగులకు చేయూత (ఇదివరకటి ఆసరా) పింఛనూ ఇస్తున్నారు. తీసుకుంటున్నారో లేదో మీ ఉత్తరంలో లేదు.

ప్రశ్న: నాన్న మంచం మీద ఉన్నారు. పింఛను ఖాతా ఆయన ఒక్కరి పేరు మీదే ఉంది. ఏటీఎం కార్డు నా దగ్గర, అన్నయ్యకు అనుమానం. ఉద్యోగరీత్యా నేను వేరే ఊరు వెళ్లాలి. – విశాఖపట్నం

జవాబు: స్పృహ, మాట బాగున్నప్పుడే ఖాతాలో అమ్మ పేరు చేర్చండి, ‘ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు’ అన్న పద్ధతిలో. పింఛను ఖాతా భార్యాభర్తల పేరున ఉండొచ్చు. సంతకం చేయలేకపోతే వేలిముద్ర, సాక్షులతో కుదురుతుంది. 70 దాటినవారికి, కదలలేనివారికి ఇంటికొచ్చి సేవ అందించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది, బ్రాంచికి రాతపూర్వకంగా అడగండి. నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్‌ను ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్‌తో ఇచ్చేయొచ్చు. కార్డు అమ్మకు అప్పగించి, నెల నెలా ఖర్చులు ఒక నోటు పుస్తకంలో రాసి, పేజీ ఫొటో తోబుట్టువులందరికీ పంపండి. మెడికల్ షాపు బిల్లులు పుస్తకానికే పిన్ చేయండి.

ప్రశ్న: అమ్మకు క్యాన్సర్ చికిత్స నడుస్తోంది. ఇంటర్వ్యూలో ఈ సంగతి చెప్పాలా?

జవాబు: ఇంటర్వ్యూలో అక్కర్లేదు. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, ఒప్పుకున్నట్టు జవాబిచ్చే ముందు చెప్పండి. ‘అమ్మకు ఆరోగ్యం బాగోలేదు’ అని వదిలేయకుండా, మూడు వారాలకోసారి కీమో, ఆ రోజూ మర్నాడూ ఇంటి నుంచి పని చేస్తాను, మొత్తం ఇన్ని విడతలు, ఫలానా నెలకు అయిపోతాయి అని తేదీలతో అడగండి. ప్రొబేషన్‌లో సెలవులు తక్కువ కాబట్టి, ఒప్పుకున్నది హెచ్చార్ నుంచి ఈమెయిల్‌లో తెప్పించుకోండి. మేనేజర్ నోటిమాటను నమ్ముకుంటే ఆయన బదిలీ అయిన రోజున మళ్లీ మొదటికొస్తారు.