సామూహిక రోగనిరోధక శక్తా, సామూహిక రక్షణా?

సందేహం: మహమ్మారులను టీకాలు ఎలా అంతం చేస్తాయో చెప్పే వ్యాసాల్లో ‘హెర్డ్ ఇమ్యూనిటీ’ని (చాలామందికి నిరోధకత ఉండటం వల్ల మిగతావారికీ రోగం అంటకపోవడం) కొందరు ‘మంద రోగనిరోధకత’ అనీ, కొందరు ‘సామూహిక రోగనిరోధక శక్తి’ అనీ రాస్తున్నారు. ఏది సరైనది? ‘టీకాకరణ’ అనవచ్చా?

సమాధానం: మొదటిది వదిలేయండి. ‘మంద’ అంటే మనకు పశువుల గుంపే. కానీ దాని పక్కన సంస్కృత పదం చేరగానే మందబుద్ధి, మందాగ్ని, మందగమనం గుర్తొస్తాయి. ‘మంద రోగనిరోధకత’ను చురుకు తగ్గిన నిరోధకత అని చదువుకునే ప్రమాదం ఉంది. చెప్పదలచినదానికి అది పూర్తి విరుద్ధం.

రెండోది వ్యాకరణరీత్యా తప్పు కాదు, పత్రికల్లో బాగా వాడుకలో ఉంది కూడా. చిక్కల్లా అర్థం దగ్గరే. నిరోధక శక్తి ఒంట్లో ఉండేది. టీకా వేయించుకుంటేనో, జబ్బుపడి కోలుకుంటేనో వస్తుంది. ఊరికి దక్కేది రక్షణ. చుట్టూ ఉన్నవాళ్లకు రోగం అంటదు కాబట్టి, టీకా వయసు రాని పసిబిడ్డకూ, క్యాన్సర్ చికిత్స వల్ల కొన్ని టీకాలు వేయించుకోలేనివారికీ అది చేరే దారులు మూసుకుపోతాయి. వాళ్ల ఒంట్లో కొత్తగా ఏ శక్తీ పుట్టలేదు. అందుకే ‘సామూహిక రక్షణ’ అని రాయమంటాను. ధనుర్వాతానికి మాత్రం ఈ మాట వాడకూడదు. మట్టిలోని క్రిమి గాయం గుండా ఒంట్లోకి పోయి ఆ జబ్బు తెస్తుంది. మనిషి నుంచి మనిషికి అంటదు గనుక పక్కవాళ్ల టీకా మనల్ని కాపాడలేదు.

‘ఇంత శాతం మందికి టీకా వేస్తే చాలు’ అని రాసేటప్పుడూ జాగ్రత్త కావాలి. ఎవరికీ నిరోధకత లేనిచోట తట్టు సోకిన ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుతుంది. 15 అనుకుందాం. వ్యాప్తి ఆగాలంటే ఆ 15 మందిలో కనీసం 14 మందికి, అంటే 93 శాతానికి పైగా, నిరోధకత ఉండాలి. ఇది నిరోధకత వచ్చినవారి లెక్క. టీకా వేయించుకున్నవారి లెక్క వేరు. తొమ్మిది నెలలు నిండాక వేసే మొదటి డోసు నూటికి సుమారు 85 మంది పిల్లల్లోనే పనిచేస్తుంది. కాబట్టి ఏ ఒక్కరినీ వదలకుండా ఒక డోసు వేసినా చాలదు. 16–24 నెలల మధ్య రెండో డోసు అవసరం. పైగా జిల్లా సగటు 95 శాతమున్నా, టీకా అందని పిల్లలంతా ఒకే తండాలోనో బస్తీలోనో ఉంటే తట్టు అక్కడ చెలరేగుతుంది. సగటు రాసినప్పుడు ఆ సంగతీ రాయాలి.

‘అంతం’, ‘నిర్మూలన’ ఒకటి కావు. నిర్మూలన అంటే రోగం లోకంలో ఎక్కడా లేకుండా పోవడం. మశూచి నిర్మూలమైందని 1980లో ప్రకటించారు. జనంలో టీకాల శాతం పెంచడంతోనే అది సాధ్యం కాలేదు. ప్రతి రోగినీ వెతికి పట్టుకుని, చుట్టుపక్కలవారికి టీకాలు వేస్తూ గొలుసు తెంచారు. కోవిడ్ సంగతి వేరు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ముగిసిందన్నది అత్యయిక పరిస్థితి. వైరస్ ఇంకా ఉంది. నిరోధకత నెలల్లో తగ్గుతుండటం, కొత్త రకాలు దాన్ని తప్పించుకోవడం వల్ల వ్యాప్తి ఆగలేదు. టీకాలు తీవ్రమైన జబ్బునూ మరణాలనూ బాగా తగ్గించాయి. ఆ మేలును అలాగే చెప్పాలి, ‘కోవిడ్ నిర్మూలన’ అని రాయకూడదు.

‘టీకాకరణ’ హిందీ అచ్చులో పోసిన మాట. ‘టీకాలు వేయడం’, ‘టీకాల కార్యక్రమం’ ఉండగా అది అక్కర్లేదు. క్రియల్లో కూడా ‘టీకా తీసుకున్నారు’ కన్నా ‘వేయించుకున్నారు’ సహజం. పోలియోకైతే చుక్కలు వేయిస్తాం.