మీ వాటా ఫ్లాట్లకు సేల్ అగ్రిమెంట్ రాసివ్వకండి

ప్రశ్న: మాది పాలకొల్లు. వయసు 48. ప్రైవేటు కంపెనీలో అకౌంటెంటుని, చేతికి 55 వేలు వస్తాయి. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 38 వేలు, చీటీకి 10 వేలు. నాన్నగారి నుంచి వచ్చిన 15 సెంట్ల స్థలాన్ని డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం. పది ఫ్లాట్లు, చెరి సగం. స్లాబులన్నీ పడ్డాక పని ఆగిపోయింది. బిల్డరు తన వాటాలో నాలుగు ఫ్లాట్లు ముందే అమ్మేశాడు. మాకు ఇస్తానన్న అద్దె 9 వేలు నాలుగు నెలలుగా ఇవ్వడం లేదు. ఇంకా 30 లక్షలు కావాలట. మా మూడు ఫ్లాట్లకు ఒక ఫైనాన్షియరు పేరున సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేసిస్తే నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు తెస్తానని, వడ్డీ తానే కడతానని, అప్పు తీరగానే రద్దు చేయిద్దామని అంటున్నాడు. బ్యాంకులో 1.8 లక్షలున్నాయి. 5 లక్షల చీటీలో 22 వాయిదాలు కట్టాను. అది కూడా పాడి ఇందులో కలపమంటారా?

జవాబు: వద్దు. అగ్రిమెంట్ రాయకండి, చీటీ కూడా ఇప్పుడే పాడకండి.

మీ ఉత్తరాన్ని ఇక్కడ తీసుకోవడానికి కారణం ఉంది. భీమవరం, తణుకు, అమలాపురం, ఎటు చూసినా పాత పెంకుటిళ్ల స్థానంలో ఇలాంటి అపార్టుమెంట్లే లేస్తున్నాయి. కోటి రూపాయల స్థలం ఇచ్చిన కుటుంబం దగ్గర ఆరు నెలల ఇంటి ఖర్చుకు నగదు ఉండదు. పని ఆగగానే టెన్షన్ మొదలై, బిల్డరు చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తారు.

ముందు వడ్డీ చూడండి. 30 లక్షలకు నూటికి రెండు రూపాయలంటే నెలకు 60 వేలు. మీ జీతం 55 వేలు. పని పూర్తవడానికి ఏడాదిన్నర పడితే వడ్డీయే 10.8 లక్షలవుతుంది, అసలు అలాగే ఉంటుంది. గోదావరికి వరదొస్తే ఇసుక రీచ్‌లు మూతపడతాయని, వానాకాలంలో పని నడవదని మీకు నేను చెప్పక్కర్లేదు. వడ్డీకి మాత్రం వానాకాలం సెలవు ఉండదు. బిల్డరు కడతానన్నాడంటారు. 9 వేల అద్దె నాలుగు నెలలుగా ఇవ్వలేని మనిషి నెలకు 60 వేలు ఎక్కడి నుంచి తెస్తాడు?

ఇంతకంటే ప్రమాదం ఆ కాగితంలో ఉంది. అప్పుకు హామీగా తాకట్టు దస్తావేజు రాసిస్తే, బాకీ కట్టి ఆస్తి విడిపించుకునే హక్కు చట్టం మీకే ఉంచుతుంది. సేల్ అగ్రిమెంట్ రాస్తే, ఆ కాగితం ప్రకారం మీరు అడ్వాన్సు తీసుకుని ఫ్లాట్లు అమ్మడానికి ఒప్పుకున్న మనిషి. వాయిదా తప్పితే, ఫైనాన్షియరు మిగతా సొమ్ము ఇస్తాను, రిజిస్టర్ చేయించమని కోర్టుకు వెళ్లవచ్చు. ఒప్పందాలను కోర్టు ద్వారా అమలు చేయించే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని 2018లో సవరించాక ఇలాంటి దావాల్లో కోర్టు విచక్షణ బాగా తగ్గింది. ఇది నిజానికి అప్పేనని మీరు వాదించుకోవచ్చు, కానీ రుజువు చేసే భారం మీ మీద పడుతుంది, ఏళ్లు గడుస్తాయి. రద్దు దస్తావేజు మీద ఫైనాన్షియరు కూడా వచ్చి సంతకం పెట్టాలి. అప్పటిదాకా ఈసీలో, అంటే ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే సర్టిఫికెట్‌లో, ఆ ఎంట్రీ కనిపిస్తూనే ఉంటుంది. ఆ మూడు ఫ్లాట్ల మీద ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు, కొనేవాడూ దగ్గరికి రాడు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి నేరుగా సేల్ డీడే రాయించుకుంటారు. తిరిగి ఇచ్చేస్తామన్న షరతు అదే దస్తావేజులో లేకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం దాన్ని తాకట్టుగా గుర్తించదు. విడిగా తెల్లకాగితం మీద రాసుకున్న మాటను నమ్ముకోవద్దు.

ఇక బిల్డరును మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నాలుగు ఫ్లాట్లు అమ్మిన డబ్బు ఏమైంది? 15 సెంట్లంటే సుమారు 607 చదరపు మీటర్లు. 500 చదరపు మీటర్లు దాటింది, ఫ్లాట్లూ ఎనిమిది దాటాయి, కాబట్టి 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కొన్నవాళ్ల దగ్గర వసూలు చేసిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే తెరిచిన ప్రత్యేక ఖాతాలో ఉండాలి. అందులోంచి తీయాలంటే ఎంత పని జరిగిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు సర్టిఫై చేయాలి. ఆ ఖాతా స్టేట్‌మెంట్ చూపించమనండి. మీరు అకౌంటెంటు, గంటలో అర్థమైపోతుంది. డబ్బు వేరే సైటుకు మళ్లిందని తేలితే, మీరు తెచ్చే 30 లక్షలూ అదే దారిన పోతాయి. రిజిస్ట్రేషనే లేదంటే ఇంకా జాగ్రత్త. మీ వాటా ఫ్లాట్లు మీరు అమ్మడం మొదలుపెడితే, చట్టం దృష్టిలో బిల్డరుతో పాటు మీరూ ప్రమోటరే, అంటే ప్రాజెక్టుకు బాధ్యులే అవుతారు. కొన్నవాళ్లు విజయవాడలోని ఏపీ రెరా సంస్థకు ఫిర్యాదు చేస్తే జవాబు మీరూ చెప్పాల్సి రావచ్చు.

మీ డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌లో జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికారపత్రం) కలిపి ఉంటే, తాకట్టు పెట్టే అధికారం కూడా అందులో ఇచ్చారేమో లాయరుతో చదివించండి. ఈసీ ఈ వారమే తీయించండి. బిల్డరు ఇప్పటికే స్థలం మీద బ్యాంకు లోన్ తీసుకుని ఉంటే, 90 రోజులు బాకీ పడగానే అది మొండి బాకీ అవుతుంది. తర్వాత బ్యాంకుల బాకీ వసూలుకు ఉన్న సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, దావా వేయకుండానే బ్యాంకు స్వాధీనానికి రాగలదు.

పని కదలాలంటే అమ్మాల్సింది బిల్డరు దగ్గర మిగిలిన ఐదో ఫ్లాట్. చాలకపోతే, మీరు పెట్టే ప్రతి రూపాయికీ అతని వాటాలోంచి ఎంత తగ్గుతుందో రాస్తూ సప్లిమెంటరీ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించుకోండి. బ్యాంకు లోన్ మీ జీతానికి 30 లక్షలు రాదు. బంగారం తాకట్టు జోలికీ పోవద్దు.

అసలు మీరు ఈ స్థితికి ఎలా వచ్చారో చూడండి. నాలుగు నెలల అద్దె ఆగింది, అంతే. నెలకు 9 వేలు, మొత్తం 36 వేలు. ఆ ఒత్తిడిలో మూడు ఫ్లాట్లు రాసివ్వడానికి సిద్ధమయ్యారు. ఏడాది ఖర్చు, అంటే 4.56 లక్షలు విడిగా ఉంటే, బిల్డరు ఎదురుగా కూర్చుని కుదరదని చెప్పగలిగేవారు. అత్యవసర నిధి ఆసుపత్రి ఖర్చుకే అనుకుంటారు చాలామంది. మీలాంటి వారికి అది బేరమాడే శక్తి. మామూలు ఉద్యోగికి ఆరు నెలలు చాలంటాను. సొంతిల్లు పడగొట్టి అద్దెకుంటున్న వారికి మాత్రం ఏడాదికి పైసా తగ్గకూడదు. మీ దగ్గరున్న 1.8 లక్షలు ఐదు నెలలకు కూడా చాలవు. అందుకే ఆ డబ్బును ముట్టుకోకండి. చీటీని ఎక్కువ తగ్గింపుకు తొందరపడి పాడకండి. పాట తేలికపడ్డాక తీసుకుని మొత్తం ఈ నిధిలోనే వేయండి. ఎవరైనా కాస్త ఎక్కువ వడ్డీ ఇస్తామంటే ఆ డబ్బు చేబదులుగా ఇవ్వొద్దు. 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉన్న బ్యాంకులోనే ఉంచండి. చీటీ చేతికొచ్చే వరకు నెలనెలా మిగిలే 7 వేలూ అక్కడికే వెళ్లాలి.

నగదు కావాల్సిన కారణం మరొకటి వస్తోంది. రిజిస్టరైన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కింద స్థలం ఇచ్చిన వ్యక్తికి క్యాపిటల్ గెయిన్స్ పన్ను (ఆస్తి బదిలీ లాభం మీద పన్ను), నిర్మాణం పూర్తయిందన్న కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాదిలో పడుతుంది. ఒక్క ఫ్లాట్ అమ్మకపోయినా పడుతుంది. సర్టిఫికెట్ రాకముందే మీ వాటా అమ్మితే వాయిదా వెసులుబాటు పోయి, అమ్మిన ఏడాదే కట్టాలి. మినహాయింపులు ఎంత వర్తిస్తాయో ఇప్పుడే ఆడిటరుతో లెక్క వేయించి, ఆ మొత్తాన్ని అత్యవసర నిధితో కలపకుండా వేరే డిపాజిట్‌గా పోగేయడం మొదలుపెట్టండి.