పాఠకుల ప్రశ్నలు: తక్కువ గంటలు తిరిగిన విమానం మంచిదేనా?

ప్రశ్న: నేను టెక్సస్‌లోని ప్లేనోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఇంకా హెచ్1బీ మీదే ఉన్నాను. రెండేళ్ల కిందట ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చింది, ఇప్పటికి 130 గంటలు నడిపాను. అద్దె విమానం కావలసినప్పుడు దొరకడం లేదు, అందుకే సొంతానికి కొనాలనుకుంటున్నాను. 1977 నాటి సెస్నా 172ఎన్ (నాలుగు సీట్ల చిన్న విమానం) ఒకటి చూశాను. కొత్త పెయింట్, కొత్త సీట్లు. 2009లో ఇంజిన్ ఓవర్‌హాల్ (మొత్తం విప్పి, అరిగినవి మార్చి బిగించడం) చేయించారు, ఆ తర్వాత 310 గంటలే తిరిగింది. ఇంత తక్కువ తిరిగింది మళ్లీ దొరకదంటూ అమ్మే ఆయన అడ్వాన్స్ అడుగుతున్నారు. జూన్‌లో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు. వాళ్లనీ మా ఆవిడనీ ఎక్కించుకుని తిప్పాలని ఆశ. కొనమంటారా?
— ఒక పాఠకుడు, ప్లేనో

జవాబు: అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి.

ముందు వీసా సంగతి. అమెరికాలో విమానాన్ని సొంత పేరున రిజిస్టర్ చేసుకోవాలంటే సిటిజన్ అయినా కావాలి, గ్రీన్‌కార్డు అయినా ఉండాలి. హెచ్1బీ చాలదు. చాలామంది మనవాళ్లకు ఈ సంగతి డబ్బు కట్టాక తెలుస్తోంది. దారి లేకపోలేదు. ట్రస్టు ఒకటి పెట్టుకుంటే, అర్హత ఉన్న ట్రస్టీ పేరున విమానం ఉంటుంది, వాడుకునే హక్కు మీకుంటుంది. దీనికి ఏటా ఫీజు కట్టాలి. ఏవియేషన్ లాయర్‌తో కాగితాలు రాయించుకోండి. విమానాన్ని అద్దెకిచ్చి నాలుగు డాలర్లు వెనక్కి రాబట్టాలని ఉంటే మాత్రం ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

ఇక ఆ 310 గంటలు. మీకు ఆశపెట్టిన ఆ అంకే నాకు భయం పుట్టిస్తోంది. 2009 నుంచి లెక్కేస్తే ఏడాదికి ఇరవై గంటలు కూడా పడవు. ఈ ఇంజిన్ తయారుచేసిన లైకమింగ్ కంపెనీ దానికి ఓవర్‌హాల్ గడువు 2,000 గంటలని చెబుతుంది, గంటలు నిండకపోయినా పన్నెండేళ్లకు చేయించమంటుంది. సొంతానికి నడుపుకునేవాళ్లకు ఆ గడువు చట్టరీత్యా తప్పనిసరి కాదు. కానీ ఆ పన్నెండేళ్ల మాట ఊరికే రాయలేదు. లైకమింగ్ ఇంజిన్‌లో వాల్వులని తెరిచే క్యామ్‌షాఫ్ట్ (క్యామ్), ప్రొపెల్లర్‌ని తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కి పైన ఉంటుంది. ఇంజిన్ ఆపాక ఆయిల్ మెల్లగా కిందికి దిగిపోతుంది. వారాల తరబడి కదపకపోతే పైన ఇనుము పొడిబారి, గాలిలోని తేమకి తుప్పు పడుతుంది. ఆ తుప్పు మచ్చ మీద లిఫ్టర్ (క్యామ్ కదలికని వాల్వుకి అందించే ముక్క) రాసుకుంటూ క్యామ్‌ని అరగదీస్తుంది. పైగా 172ఎన్‌లో ఉండేది ఓ-320-హెచ్2ఏడీ ఇంజిన్. క్యామ్, లిఫ్టర్ల అరుగుదలకి అది మొదటి నుంచీ పేరుపడింది. లైకమింగ్ ఇచ్చే అడిటివ్ (అరుగుదల తగ్గించే ద్రవం) ఆయిల్‌లో కలపడమో, అది ముందే కలిసిన ఆయిల్ వాడడమో చేయాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఆదేశమే ఉంది. దాన్ని పాటించారో లేదో లాగ్‌బుక్‌లో వెతకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి నా కారణం నాకుంది. నా మొదటి విమానం 1975 నాటి 172ఎం, 2014లో కొన్నాను. ఓవర్‌హాల్ తర్వాత 390 గంటలు, అందులో చివరి ఐదేళ్లలో కలిపి ఇరవై. అమ్మేవాళ్ల విమానాన్ని ఏళ్లుగా చూస్తున్న షాపులోనే తనిఖీ చేయించాను. కంప్రెషన్ పరీక్షలో (సిలిండర్లలోకి గాలి ఎక్కించి ఎంత నిలుస్తుందో చూస్తారు) నాలుగు సిలిండర్లకీ 80కి 74 పైనే వచ్చింది. ఇంకేం కావాలనుకున్నాను. కంప్రెషన్ పరీక్ష రింగుల గురించీ వాల్వుల గురించీ చెబుతుంది, క్యామ్ గురించి ఒక్క ముక్క చెప్పదని నాకప్పుడు తెలియదు. 40 గంటలు నడిపాక ఆయిల్ మార్పించడానికి ఇంకో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఆయిల్ ఫిల్టర్ డబ్బాని కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, తెల్లటి గుడ్డ మీద పరిచారు. ఎండలోకి తెచ్చి అటూ ఇటూ వంచితే కాగితం తళతళలాడింది. చిన్న అయస్కాంతం దగ్గర పెట్టగానే వెంట్రుకల్లాంటి ఇనుప ముక్కలు లేచి నిలబడ్డాయి. ఆయన ఏమీ అనలేదు, నా మొహం వైపు చూశారంతే. ఇంజిన్ విప్పారు. నాలుగు నెలలు విమానం నేల మీదే. బిల్లు 24,000 డాలర్లు.

మా నాన్న తెనాలిలో సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ కొనేటప్పుడు సొంత మెకానిక్‌ని బస్సులో వెంటబెట్టుకుని వెళ్లేవారు. ఆ మెకానిక్ ఆయిల్ వేళ్ల మధ్య రాసి చూసి సరేననేదాకా నాన్న జేబులోంచి రూపాయి తీసేవారు కాదు. ఆ ఇంట్లో పుట్టి నేనా పని చేశానన్న బాధ ఇప్పటికీ ఉంది. మీరు నాలా చేయకండి. అమ్మే ఆయనకి సంబంధం లేని మెకానిక్‌ని, 172లు ఎక్కువగా చూసేవారిని పట్టుకోండి. ఫిల్టర్ కోయించండి, సిలిండర్లలోకి బోరోస్కోప్ (సన్న గొట్టం కెమెరా) పెట్టించండి. ఒక సిలిండర్ ఊడదీస్తే క్యామ్ కంటికి కనిపిస్తుంది. అమ్మేవాళ్లు సాధారణంగా దానికి ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే ఇంజిన్ అయిపోయిందనే లెక్కలో బేరమాడండి. దానికీ కాదంటే వదిలేయండి. వారం వారం ఎగిరే, 1,400 గంటల ఇంజిన్ ఉన్న పాత పెయింట్ విమానం దొరికితే నేను కళ్లు మూసుకుని అటు మొగ్గుతాను.

ఖర్చు లేని పని ఒకటుంది, ఈ రాత్రే చేయండి. లాగ్‌బుక్ స్కాన్లు తెప్పించుకోండి. ఏటేటా యాన్యువల్ తనిఖీ రాసిన చోట ట్యాక్ గంటలు (ఇంజిన్ మీటర్ అంకె) వేసి ఉంటాయి. వరసగా తీసివేసుకుంటూ రండి. ఏ ఏడాది ఎగిరిందో ఏ ఏడాది మూల పడి ఉందో అరగంటలో తేలిపోతుంది. ఓక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ రిజిస్ట్రీ నుంచి విమానం రికార్డులూ తెప్పించండి. అప్పులున్నా, పెద్ద రిపేర్లకి 337 ఫారాలు పెట్టి ఉన్నా అందులో బయటపడతాయి. సీటు ఎక్కి కూర్చుని, సీటుని ఆపే పిన్ను కింది పట్టాలోని రంధ్రంలో గట్టిగా దిగుతోందో లేదో కదిపి చూడండి. టేకాఫ్‌లో సీటు వెనక్కి జారితే చేతిలోని యోక్ (స్టీరింగ్ లాంటిది) కూడా వెంట వస్తుంది, ముక్కు పైకి లేస్తుంది. సెస్నా సీటు పట్టాల మీద ప్రత్యేక ఆదేశం వచ్చింది అందుకే.

నలుగురి ప్రయాణం గురించి. 1977 172ఎన్ గరిష్ఠ బరువు 2,300 పౌండ్లు. ఖాళీ బరువు 1,450 అనుకుందాం (అసలు అంకె విమానం కాగితాల్లో ఉంటుంది, అదే తీసుకోండి). మిగిలేది 850. 40 గ్యాలన్ల పెట్రోలుకి 240 పోతే మనుషులకీ సామానుకీ 610. నలుగురు పెద్దవాళ్లు అందులో పట్టడం కష్టం. 20 గ్యాలన్లతో బయల్దేరితే 730 మిగులుతుంది. గంటకి సుమారు 8 గ్యాలన్లు తాగుతుంది కాబట్టి గంటసేపు చక్కర్లు కొట్టి, తగినంత రిజర్వుతో హాయిగా దిగొచ్చు. అమ్మగారి బరువు అంచనా వేయకండి, మొహమాటపడకుండా అడగండి. జూన్‌లో డాలస్ ఎండకి విమానం బద్ధకంగా లేస్తుంది. ఉదయం ఏడింటికే బయల్దేరండి, అప్పుడు కుదుపులు కూడా తక్కువ. వాళ్లకది జీవితాంతం గుర్తుంటుంది.

హ్యాంగర్ ముందే చూసుకోండి. మన టెక్సస్ వైపు వసంతంలో పడే వడగళ్లు అల్యూమినియం రెక్కని ఒక్క సాయంత్రంలో సొట్టలు చేసేస్తాయి. 130 గంటల పైలట్‌కి ఇన్సూరెన్స్ ఎంత పడుతుందో కూడా బేరానికి ముందే కనుక్కోండి.

ప్రశ్న: మా వారూ ఇద్దరు స్నేహితులూ కలిసి పాత పైపర్ విమానం కొంటామంటున్నారు. అందరికీ గ్రీన్‌కార్డులున్నాయి. డబ్బు దగ్గర స్నేహం చెడుతుందేమోనని నాకు టెన్షన్.
— ఒక పాఠకురాలు, కేటీ, టెక్సస్

జవాబు: మీ భయం న్యాయమైనదే. ముగ్గురూ సహయజమానులుగా రిజిస్టర్ చేసుకోవచ్చు. కొనకముందే కాగితం మీద పెట్టించండి: ఇంజిన్ కోసం గంటకి ఎంత పక్కన పెట్టాలి, ఒకరు ఊరు మారితే వాటా ఎవరు ఏ ధరకి కొనాలి, ఎవరి చేతిలో దెబ్బతింటే ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ (మన జేబులోంచి పోయే భాగం) ఎవరు కట్టాలి. ఇంకో మాట. 2018లో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ దగ్గర ఒక పైపర్ ఆరో రెక్క గాలిలో విడిపోయి ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత ఆరో కూడా ఉన్న పైపర్ పీఏ-28 కుటుంబంలో కొన్ని మోడళ్లకి రెక్క స్పార్ (రెక్కని మోసే దూలం) బోల్టు రంధ్రాల దగ్గర ఎడ్డీ కరెంట్ తనిఖీ (కంటికి కనిపించని పగుళ్లని కరెంటుతో పట్టే పరీక్ష) తప్పనిసరి చేశారు. మీవాళ్లు చూసిన విమానానికి అది వర్తిస్తుందేమో అడగమనండి. వర్తిస్తే, ఏ తేదీన ఎవరు చేసి సంతకం పెట్టారో లాగ్‌బుక్‌లో మీరే ఒకసారి చూడండి.