పాఠకుల ప్రశ్నలు: వైద్య విద్యార్థుల చేత కథలు చదివించడం ఎలా?

ప్రశ్న: నేను ఒక వైద్య కళాశాలలో బోధిస్తున్నాను. రోగితో మాట్లాడే తీరును నేర్పే తరగతుల్లో కథలు చదివించాలని అనుకుంటున్నాను. నీట్ కోసం ఏళ్ల తరబడి నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడానికే అలవాటుపడిన పిల్లలు దీన్ని కాలక్షేపంగా కొట్టిపారేస్తారేమోనని నా సందేహం. ఏ రచనతో మొదలుపెట్టాలి? మార్కులు ఎలా వేయాలి?
— ఒక అధ్యాపకురాలు, కర్నూలు

జవాబు: 2019లో ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికను మార్చినప్పుడు వైఖరి, నైతికత, సంభాషణ అనే మూడింటినీ కలిపి 'ఎట్‌కామ్' పేరుతో బోధనలో చేర్చారు కనుక, మీరు కొత్తగా సమయం కోసం ఎవరినీ బతిమాలవలసిన పని లేదు. రచన విషయానికి వస్తే, దయామయుడైన వైద్యుడి కథను మాత్రం ఎంచుకోకండి. అది చదివి విద్యార్థులు తలలూపుతారు, సాయంత్రానికి మరచిపోతారు. మర్యాదగా, తన శాస్త్రం ప్రకారం మాట్లాడుతూనే రోగి అడిగినదానికి జవాబు చెప్పని వైద్యుడు ఉన్న కథ మీకు కావాలి.

టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన 'ఇవాన్ ఇల్యీచ్ మరణం'లో అటువంటి ఘట్టం ఉంది. న్యాయాధికారి అయిన ఇవాన్‌కు తెలియవలసింది ఒక్కటే: తన జబ్బు ప్రమాదకరమా, కాదా? వైద్యుడు ఆ ప్రశ్నను అసందర్భంగా భావించి, లోపం మూత్రపిండంలో ఉందా, పేగులో ఉందా అనే తర్కంలో మునిగిపోతాడు. కోర్టులో ముద్దాయిల ముందు తాను ప్రదర్శించే ధోరణి కూడా సరిగ్గా ఇదేనని ఇవాన్ అక్కడే గుర్తిస్తాడు. ఈ కొద్ది పేజీలను తరగతిలో పైకి చదివించి, ఆ వైద్యుడు చెప్పినదాంట్లో అబద్ధం ఏమైనా ఉందా అని మొదట అడగండి. రోగి అడిగినదేమిటని ఆ తర్వాత అడగండి. చర్చంతా ఈ రెండు ప్రశ్నల నడుమనే సాగనివ్వండి. సానుభూతి మీద ఉపన్యాసం మొదలైతే, నా దృష్టిలో, ఆ తరగతి అక్కడితో ముగిసినట్లే.

తెలుగులో కేశవరెడ్డి ఉండనే ఉన్నారు. చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ జిల్లాలో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన ఆయన, 'అతడు అడవిని జయించాడు' నవలలో ఒక ముసలివాడి మనసును అడవిలో రాత్రంతా వెంబడించారు. అందులో వైద్యం ప్రస్తావన లేకపోవడమే మనకు మేలు, ఎందుకంటే చదివేవాడు రోగనిర్ధారణకు తొందరపడకుండా మనిషి చెప్పుకుపోయేది వినక తప్పదు. (ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలకు తెలుగు చదవడం నిదానంగా సాగుతుంది. ధారాళంగా చదవగలిగిన ఒకరి చేత చదివించి, మిగిలినవారిని విననివ్వండి.)

చదివించడంతో ఆపితే ప్రయోజనం తక్కువ. ప్రధాన ఫిర్యాదును రోగి మాటల్లోనే నమోదు చేయాలని వైద్య గ్రంథాలు చెబుతున్నా, మన వార్డుల్లో విద్యార్థి తెలుగులో విన్నదాన్ని అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి కుదించి రాస్తాడు. ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒక రైతుకూలీ, "చేనికాడికి పోయేలోపల రెండుసార్లు కూసోవాల్సి వస్తాంది సారూ, పోయినేడు ఇట్లా లేకుండె" అన్నదనుకుందాం. కేస్ షీటులో అది 'శ్రమపడితే ఆయాసం' అనే అర్థమిచ్చే రెండు మూడు ఇంగ్లీషు ముక్కలుగా మిగులుతుంది. చేను ఎంత దూరమో, ఏడాదిలో జబ్బు ఎంత ముదిరిందో, కూలికి వెళ్లడం మానుకున్నదో లేదో అందులో ఉండవు. నిజానికి జబ్బు తీవ్రతను అంచనా వేయడానికి పనికివచ్చేవి అవే. అందుచేత ప్రతి విద్యార్థీ ఒక రోగి చెప్పిన మాటలను, వరుస మార్చకుండా, ఒక పేజీలో రాసి, తన కేస్ షీటు పక్కన పెట్టి పోల్చుకోవాలి. ఆదోని, గద్వాల, రాయచూరు వైపుల నుంచి వచ్చేవారి మాటతీరు ఒక్కటిగా ఉండదు కాబట్టి, అర్థం కానిచోట ఊహించి రాయకుండా మళ్లీ అడగడం కూడా దీనితోనే అలవాటవుతుంది.

కిక్కిరిసిన ఓపీలో ఇదంతా సాధ్యమా అని మీ సహోద్యోగులు అడుగుతారు. ప్రతి రోగితో సాధ్యం కాదు. వార్డులో చేరిన రోగి దగ్గర విద్యార్థికి తీరిక ఉంటుంది కనుక అక్కడే చేయించండి.

మొదటి ఏడాది మార్కులు వేయకపోవడమే మంచిది. వేయక తప్పకపోతే, రాతలోని భావుకతకు గాని, కన్నీటికి గాని వేయకండి. రోగి చెప్పిన వివరాల్లో ఏవి కేస్ షీటులోకి చేరలేదో, వాటివల్ల వైద్యంలో తేడా ఏమైనా వస్తుందో విద్యార్థి స్వయంగా గుర్తించినదానికి వేయండి. ఆ పేజీ రాసే ముందు రోగి అనుమతి తీసుకోవాలి. పేరు గాని, ఊరు గాని అందులో కనిపించకూడదు.